శిబిరంలో ఇచ్చిన చక్రాల కుర్చీని మనిషికి తగ్గట్టు మార్చుకోవడం ఎలా?

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు మన తెలుగు ఇళ్లలో ఉన్న చక్రాల కుర్చీలు చాలావరకు శిబిరాల్లో అందుకున్నవే. కొన్ని వికలాంగులకు ఉపకరణాలు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ ఎడిప్ పథకం కింద కాన్పూరులోని అలింకో సంస్థ తయారుచేసినవి, కొన్ని ఒడిశా ప్రభుత్వం భీమభోయి పేరుతో నడిపే శిబిరాల్లో ఇచ్చినవి. కుర్చీని మడిచి ఆటోలో వేసుకుని ఇంటికి తెస్తారు, విప్పి మనిషిని కూర్చోబెడతారు, ఇక పని అయిపోయిందనుకుంటారు. నెల తిరిగేసరికి ఆ మనిషి భుజాలు నొప్పి అంటాడు, రెండిళ్ల దూరం కూడా తోసుకోలేకపోతాడు. చేతుల్లో బలం లేదని ఇంట్లోవాళ్లు తేల్చేస్తారు. కుర్చీ వరండా మూలకు చేరుతుంది, మనిషి మంచానికి చేరతాడు.

ఇలా జరగడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. చాలా సందర్భాల్లో లోపం చేతుల్లో కాక కుర్చీ అమరికలో ఉంటుంది. ఒక స్పానర్, ఒక టేపు, ఒక పూట సమయం ఉంటే ఇంట్లోనే చాలా సరిచేయవచ్చు. అయితే వరుస తప్పకూడదు. ముందు మనిషి కూర్చునే తీరు, తరువాత కాళ్ల పలకలు, ఆ తరువాత వెనక చక్రాల ఇరుసు, ముందు చక్రాలు, చివరికి బ్రేకులు. మొదట చేసినది మారితే తరువాతిది కూడా మారుతుంది కాబట్టి ఈ వరుసలోనే వెళ్లండి.

కావలసినవి: 10 నుంచి 19 నంబరు వరకు స్పానర్లు, అలెన్ కీల గుత్తి, స్క్రూడ్రైవర్, కొలత టేపు, సుద్దముక్క, సైకిల్ పంపు, కాస్త గ్రీజు, పాత గుడ్డ. ఇవన్నీ సందు చివరి సైకిల్ దుకాణంలో దొరుకుతాయి. ఆ మెకానిక్‌నే ఒక గంట ఇంటికి పిలిస్తే ఇంకా మంచిది. ఇరుసు, బేరింగు, స్పోకుల సంగతి ఆయనకు బాగా తెలుసు. మనిషి సంగతి మీరు చెప్పాలి. కుర్చీలో కూర్చునే మనిషి సంగతి ఆ మనిషే చెప్పాలి. నోరు లేని వస్తువును బిగించినట్టు నలుగురూ చుట్టూ నిలబడి బిగించేయకండి. ప్రతి మార్పు తరువాత "ఇప్పుడెలా ఉంది?" అని అడగండి.

ముందు కూర్చునే తీరు

రోజూ వేసుకునే బట్టలు, రోజూ వేసుకునే చెప్పులు, రోజూ వాడే దిండుతోనే కొలవాలి. చదునైన గచ్చు మీద కుర్చీ నిలిపి, బ్రేకులు వేసి, నడుము సీటు వెనక చివరకు పూర్తిగా ఆనేలా కూర్చోబెట్టండి.

తుంటికీ పక్క రేకుకీ మధ్య మీ అరచేయి నిలువుగా దూరాలి. రెండు పక్కలా అంతే. అంతకంటే ఎక్కువ ఖాళీ ఉంటే ఆ మనిషి చేతులు రెక్కల్లా బయటికి చాచి చక్రాలను అందుకోవాలి. భుజం నొప్పి అక్కడే మొదలవుతుంది. పెద్దలకు ఎక్కువగా 18 అంగుళాల వెడల్పు సీటు ఇస్తుంటారు. సన్నని మనిషికి అది చాలా వదులు. అలాంటప్పుడు గట్టి ఫోమ్ పలకలు కోసి, గుడ్డ తొడిగి, రెండు పక్కలా సమానంగా అమర్చండి. పాత చీరలు మడిచి కుక్కితే రెండు రోజుల్లో అణగారిపోయి మనిషి ఒక పక్కకు ఒరుగుతాడు. సీటు ఇరుకైతే మాత్రం ఇంట్లో చేయగలిగింది లేదు. తుంటి ఎముక దగ్గర చర్మం ఒరుసుకుని పుండు పడకముందే కుర్చీ మార్చమని అడగాలి.

ఇప్పుడు లోతు చూడండి. సీటు ముందు అంచుకూ మోకాలి వెనక మడతకూ మధ్య సుమారు రెండు అంగుళాల ఖాళీ ఉండాలి. సీటు మరీ లోతుగా ఉంటే అంచు మోకాలి వెనక గుచ్చుకుంటుంది. దాన్ని తప్పించుకోవడానికి మనిషి ముందుకు జారి, వీపు వంచి, తోకెముక మీద కూర్చుంటాడు. వృద్ధులు కుర్చీలోంచి "జారిపోతున్నారు" అని నడుముకు తువాలు కట్టే ఇళ్లు ఉన్నాయి. ఆ తువాలు విప్పి, వీపు వెనక గట్టి ఫోమ్ పలక పెట్టి చూడండి. చాలాసార్లు జారడం ఆగిపోతుంది.

రెక్సిన్ సీటు కొన్నాళ్లకు ఉయ్యాలలా కుంగుతుంది. తొడలు రెండూ లోపలికి మూసుకుపోయి, నడుము ఒక పక్కకు వాలుతుంది. సీటు పొడవు వెడల్పులకు సరిగ్గా కోసిన ప్లైవుడ్ పలక వేసి, దానిమీద దిండు పెట్టండి. పలక పక్క కడ్డీల మీద ఆనాలి, జారకుండా కింద పట్టీ ఉండాలి. కుర్చీ మడిచేటప్పుడు తీయగలిగేలా ఉండటం ముఖ్యం.

ఇక దిండు. దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే ప్రాణం మీదికి వచ్చేది ఇక్కడే. వెన్నుపాము దెబ్బతిన్నవారికి పిరుదుల దగ్గర స్పర్శ తెలియకపోవచ్చు. ఒత్తిడి పుండు పడుతున్నా వారికి నొప్పి ఉండదు. మూడు నాలుగు అంగుళాల మందం ఉన్న మంచి ఫోమ్ దిండు వాడండి. అది సరిపోతుందో లేదో ఇలా చూడండి: మనిషి కూర్చుని ఉండగా, మీ అరచేతిని పైకి తిప్పి దిండు కిందికి, పిరుదు ఎముక ఉన్న చోటికి జొనపండి. ఎముక మీ చేతిని పలకకు నొక్కేస్తుంటే ఆ దిండు పని అయిపోయినట్టే. మధ్యలో రంధ్రం ఉన్న గుండ్రటి రబ్బరు దిండ్లు మందుల దుకాణాల్లో అమ్ముతారు. కొనకండి. రంధ్రం చుట్టూ ఉన్న చర్మం మీద అవి ఒత్తిడి ఇంకా పెంచుతాయి.

దిండు ఎంత మంచిదైనా, ప్రతి పావుగంట నుంచి అరగంటకోసారి ఛాతీని తొడల వైపు వంచి ఒకటి రెండు నిమిషాలు ఉండటం అలవాటు చేయాలి. వంగలేనివారిని పక్కవాళ్లు ఒక పక్కకు, తరువాత రెండో పక్కకు ఒరిగించాలి. రాత్రి పడుకునే ముందు అద్దంతో చర్మం చూడండి. ఎర్రబడిన చోటు పోకుండా అలాగే ఉంటే, ఆ చోటు మీద కూర్చోవడం మాన్పించి డాక్టరుకు చూపించాలి. మరునాటికి వాయిదా వేయవద్దు.

కాళ్ల పలకలు

ఒక్క స్పానర్‌తో అయిపోయే పని ఇది. అయినా ఎవరూ చేయరు. పలక మరీ పైకి ఉంటే మోకాళ్లు లేచి బరువంతా పిరుదు ఎముకల మీద పడుతుంది. మరీ కిందికి ఉంటే పాదాలు వేలాడి తొడల కింద సీటు అంచు నొక్కుతుంది. తొడ మొత్తం దిండుకు సమంగా ఆని, పాదం పలక మీద పూర్తిగా నిలిచేలా ఉంచండి. పలక కింది భాగం నేలకు కనీసం రెండు అంగుళాల ఎత్తులో ఉండాలి. మన సందుల్లో రాళ్లు, మురుగు కాలువ పలకల అంచులు ఎక్కువ కాబట్టి వీలైతే ఇంకొంచెం ఎక్కువే మంచిది. పొడుగు కాళ్ల మనిషికి ఈ రెండూ పొసగకపోతే దిండు మందం పెంచండి. పలక తగ్గించకండి. పాదాలు వెనక్కి జారి చక్రాల్లో పడకుండా పిక్కల వెనక పట్టీ కట్టండి.

పక్షవాతం వచ్చి ఒక పక్క మాత్రమే పనిచేసే వారి సంగతి వేరు. వారు మంచి చేత్తో చక్రాన్ని, మంచి కాలితో నేలను తోసుకుంటూ వెళ్లగలరు. అందుకు ఆ కాలి మడమ నేలకు ఆనాలి. ఆ పక్క కాళ్ల పలకను తీసేసి, అవసరమైతే పలుచని మంచి దిండు వాడి సీటు ఎత్తు తగ్గించండి. మంచానికే పరిమితమయ్యారనుకున్నవారు ఈ ఒక్క మార్పుతో వంటింటి దాకా సొంతంగా వచ్చే అవకాశం ఉంది.

చేతుల ఆనిక మోచేయి సుమారు లంబకోణంలో ఆనే ఎత్తులో ఉంటే చాలు. భుజాలు పైకి లేస్తున్నాయంటే అది ఎక్కువ ఎత్తు.

వెనక చక్రాల ఇరుసు

తోసుకోవడం తేలికా బరువా అన్నది ఎక్కువగా ఇక్కడే తేలుతుంది. మనిషి బరువులో ఎంత భాగం ముందు చిన్న చక్రాల మీద పడితే కుర్చీ అంత మొండికేస్తుంది. చిన్న చక్రం ప్రతి గులకరాయికీ, గచ్చు పగులుకూ ఆగిపోతుంది. బరువు పెద్ద చక్రాల మీదికి వస్తే అదే చేయి అదే కుర్చీని సులువుగా తోస్తుంది, తిప్పడమూ తేలికవుతుంది. అందుకని ఇరుసును ముందుకు జరుపుతారు.

ముందు ఎత్తు చూడండి. భుజం నుంచి చేయి వదులుగా వేలాడదీస్తే నడిమి వేలి కొస ఇరుసు నట్టు దగ్గరికి రావాలి. చేతి రింగు (చేత్తో తోయడానికి పెద్ద చక్రం పక్కన ఉండే వలయం) పైభాగాన్ని పట్టుకున్నప్పుడు మోచేయి లంబకోణం కంటే కొంచెం ఎక్కువ, అంటే 100 నుంచి 120 డిగ్రీల మధ్య వంగాలి. చేయి దాదాపు తిన్నగా ఉంటే సీటు ఎత్తు ఎక్కువైంది. మరీ ముడుచుకుంటే తక్కువైంది.

మీ కుర్చీలో ఇరుసు దగ్గర వరసగా రంధ్రాలున్న పలక ఉంటే ఇలా చేయండి. మనిషిని దింపి, ఇప్పుడు ఇరుసు ఉన్న రంధ్రానికి సుద్దతో గుర్తు పెట్టండి. రెండు పక్కలా ఒక్క రంధ్రం మాత్రమే ముందుకు మార్చి గట్టిగా బిగించండి. ఒక పక్క మార్చి రెండో పక్క మరచిపోతే కుర్చీ వంకరగా పోతుంది. మళ్లీ కూర్చోబెట్టి, ఒకరు వెనక నిలబడి, పిడులను పట్టుకోకుండా వాటి కింద చేతులు సిద్ధంగా ఉంచండి. కూర్చున్న మనిషి మెల్లగా వెనక్కి వాలాలి, చేయి వెనక్కి చాచాలి, తరువాత ఒక్కసారి జోరుగా తోయాలి. మామూలు తోపుకే ముందు చక్రాలు గాల్లోకి లేస్తుంటే పాత రంధ్రానికి మార్చండి. లేవకపోతే కొన్ని రోజులు అలాగే వాడి, అలవాటయ్యాక ఇంకో రంధ్రం ముందుకు వెళ్లాలా వద్దా నిర్ణయించుకోండి. వెనక్కి పడకుండా ఆపే చిన్న చక్రాలు ఉంటే వాటిని తీసేయవద్దు.

ఒక హెచ్చరిక. రెండు కాళ్లూ మోకాలి పైన తీసేసినవారికి ఇరుసును ముందుకు జరపకూడదు. కాళ్ల బరువు లేకపోవడం వల్ల శరీర భారం ఇప్పటికే వెనక్కి వచ్చి ఉంటుంది. వారికి ఇరుసు మామూలు కంటే వెనక్కి ఉండాలి. అదే వీలుకాకపోతే వెనక చిన్న చక్రాలు తప్పనిసరి. షుగరు వల్ల కాళ్లు తీసేసినవారు మన ఊళ్లలో ఉన్నారు. పై అమరికను చూసి వారి కుర్చీని కూడా అలాగే మార్చితే తల వెనక్కి కొట్టుకుంటుంది.

శిబిరాల్లో ఇచ్చే మడత కుర్చీలు చాలావాటికి ఇరుసు ఒకేచోట బిగించి ఉంటుంది. అలాంటప్పుడు వెల్డింగ్ దుకాణానికి తీసుకెళ్లి కొత్త రంధ్రం వేయించకండి. పలుచని గొట్టం అక్కడే విరుగుతుంది, అదీ మనిషి కూర్చుని ఉన్నప్పుడే. ఇంకో దారి ఉంది. నడుము పూర్తిగా వెనక్కి ఆనేలా చూడడం, వదులైన వీపు రెక్సిన్‌ను బిగించడం, దిండు మందంతో ఎత్తు సరిచేయడం. ఈ మూడింటితోనే బరువు చాలావరకు సరైన చోటికి వస్తుంది. వీపు వెనక ఫోమ్ పలక పెట్టినప్పుడు మాత్రం బరువు కొంచెం ముందుకు పోతుందని గుర్తుంచుకోండి. అవసరానికి మించి మందం పెట్టవద్దు. వెనక పిడులకు బరువైన సంచులు తగిలించే అలవాటు ఉంటే మానండి. కూరగాయల సంచి ఒడిలో పెట్టుకోవడమే మేలు.

ఇరుసు సరైన చోటికి వచ్చాక తోసే తీరు కూడా మారాలి. చెయ్యి రింగు పైభాగానికి కొంచెం వెనక నుంచి మొదలుపెట్టి ముందుకు పొడవుగా తోయాలి. వదిలేశాక చేతిని కిందికి వదులుగా వేలాడనిచ్చి, కింది నుంచి వెనక్కి తేవాలి. టపటపా చిన్నచిన్న తోపులు తోస్తే ఏళ్ల తరబడి భుజం అరుగుతుంది. చక్రాల కుర్చీ వాడేవారికి భుజాలే కాళ్లు కూడా కాబట్టి వాటిని కాపాడుకోవాలి.

ముందు చక్రాలు, టైర్లు, బ్రేకులు

ముందు భాగం పైకెత్తి చిన్న చక్రాన్ని వేలితో తిప్పండి. తేలికగా తిరగాలి. ఆగిపోతుంటే ఇరుసు దగ్గర వెంట్రుకలు, దారాలు చుట్టుకుని ఉంటాయి. బరంపురంలో మగ్గాలున్న ఇళ్లలో పట్టు పోగులు పడుతుంటాయి, అవి చుట్టుకుంటే చక్రం బిగుసుకుపోతుంది. నట్టు విప్పి, బ్లేడుతో కోసి లాగేసి, ఒక చుక్క నూనె వేయండి. బేరింగులో గరగర శబ్దం ఉంటే మార్పించండి.

చిన్న చక్రాన్ని పట్టి ఉంచే నిలువు గొట్టం నేలకు నిటారుగా ఉండాలి. దారానికి బరువైన నట్టు కట్టి, పక్కన వేలాడదీసి చూడండి. ఇరుసు ఎత్తు మార్చాక ఈ కోణం తప్పకుండా మారి ఉంటుంది. గొట్టం ముందుకో వెనక్కో వాలితే కుర్చీ తిరగడానికి ఇబ్బంది పెడుతుంది. కొంచెం వేగంగా వెళ్లినప్పుడు చక్రం అటూ ఇటూ కొట్టుకుంటుంటే గొట్టం పైన ఉన్న నట్టు వదులైందని అర్థం. ఖాళీ కుర్చీని వెనక్కి పడుకోబెట్టి, చిన్న చక్రాన్ని పైవైపు తిప్పి వదలండి. చక్రం దానంతట అది కిందికి వాలి, ఒకసారి ఊగి ఆగిపోతే బిగువు సరిపోయినట్టు. కదలకపోతే కొంచెం వదులు చేయండి.

గాలి టైర్లయితే టైరు పక్కన అచ్చువేసిన అంకె మేరకు గాలి నింపండి. రెండిట్లోనూ సమానంగా ఉండాలి. ఒకదానిలో తక్కువుంటే కుర్చీ ఆ పక్కకే లాగుతుంది. ఘన రబ్బరు టైర్లకు గాలి బాధ లేదు, పగుళ్లు చూసుకుంటే చాలు.

గాలి నింపాకే బ్రేకులు చూడాలి. బ్రేకు పట్టీని కడ్డీకి బిగించిన బోల్టులు వదులు చేసి, టైరు వైపు కొంచెం జరిపి, మళ్లీ బిగించండి. మనిషి లేకుండా బ్రేకు వేసి తోస్తే చక్రం తిరగకూడదు. మంచం మీదికి, మరుగుదొడ్డి మీదికి మారేటప్పుడు మనిషి మొత్తం ఈ బ్రేకుల్నే నమ్ముకుంటాడు. పట్టు లేని చేతులకు బ్రేకు పిడి మీద ఆరంగుళాల ప్లాస్టిక్ గొట్టం ముక్క తొడిగితే తక్కువ బలంతో పడుతుంది. వాలులో వేగం తగ్గించడానికి మాత్రం బ్రేకు వాడకూడదు. కుర్చీ ఒక్కసారిగా తిరగబడుతుంది.

గడప, అరుగు, తలుపు

కుర్చీ సరైనా ఇల్లు అడ్డుపడుతుంది. పసుపు రాసి బొట్టు పెట్టే గడపను తీసేయమంటే పెద్దలు ఒప్పుకోరు, తీసేయనక్కరలేదు కూడా. రెండు వైపులా వాలుచెక్కలు వేయండి. కొలత తేలిక: ప్రతి అంగుళం ఎత్తుకు 12 అంగుళాల పొడవు. మూడు అంగుళాల గడపకు ఒక్కో వైపు మూడడుగుల చెక్క. పైన జారకుండా ఇసుక కలిపిన రంగు వేయించండి. పండుగ పూట తీసి పక్కన పెట్టి, మళ్లీ వేసుకోవచ్చు.

అడుగున్నర ఎత్తు అరుగుకు ఇదే లెక్కన 18 అడుగుల వాలుదారి కావాలి. వరసగా అతుక్కుని ఉన్న పాత వీధి ఇళ్లకు ముందు అంత చోటు ఉండదు. పెరటి వైపు చూడండి, లేదా మధ్యలో ఐదడుగుల చదరపు చదును వదిలి దారిని మలుపు తిప్పండి. చోటు లేదని నిటారుగా కట్టిస్తే దాని మీద ఒక్కడే ఎక్కలేడు, దిగలేడు.

తలుపు వెడల్పు కొలిచేటప్పుడు సీటు కొలత పట్టించుకోకండి. చేతి రింగు నుంచి చేతి రింగు దాకా కొలవండి. స్నానాల గది తలుపు అంగుళం తేడాతో అడ్డుపడుతుంటే రెక్క తీసేసి గుడ్డ తెర వేస్తే ఆ రెక్క మందం కలిసొస్తుంది.

వీధిలోకి, ఊరికి

రాయగడ, కోరాపుట్ వైపు వాలు దారుల్లో పైకి వెళ్లేటప్పుడు కూర్చున్న మనిషి ముందుకు వంగాలి. దిగేటప్పుడు వెనక తోసేవాళ్లు కుర్చీని తిప్పి, తాము కింది వైపు ఉండి, వెనక్కి అడుగులు వేస్తూ దించాలి. వానకాలం ఎర్రమట్టి బురదలో ముందు చక్రాలు దిగబడితే ముందుకు తోయకండి. కుర్చీని వెనక్కి తిప్పి, ముందు చక్రాలు కొంచెం ఎత్తి లాగండి. ఇంటికొచ్చాక తడిగుడ్డతో తుడవండి. పైపుతో నీళ్లు కొడితే బేరింగుల్లోని గ్రీజు పోతుంది. గోపాల్‌పూర్, ఛత్రపురం వైపు సముద్రపు గాలికి నట్లు తుప్పుపడతాయి. అక్కడ వారానికోసారి తుడిచి నూనె రాయాలి.

రైల్లోకో ఆటోలోకో ఎక్కించేటప్పుడు ముందు కాళ్ల పలకలు పైకి మడిచి, దిండు, ప్లైవుడ్ పలక తీసి, సీటు మధ్యను ముందూ వెనకా పట్టి పైకి లాగితే కుర్చీ మడుచుకుంటుంది. విప్పేటప్పుడు పక్క కడ్డీల మీద అరచేతులతో నొక్కండి. వేళ్లు కడ్డీ చుట్టూ పెడితే నలుగుతాయి. ఎత్తేవాళ్లు విడివడే చేతుల ఆనికల్ని పట్టుకోకుండా గట్టి కడ్డీల్ని పట్టుకోవాలి.

అంతా కుదిరాక ఒక కాగితం మీద ఈ కొలతలు రాసుకోండి: తుంటి వెడల్పు, సీటు లోతు, మోకాలి నుంచి మడమ దాకా పొడవు, దిండు మందం, ఇరుసు ఎన్నో రంధ్రంలో ఉందో. ఎడిప్ కింద ఒకసారి కుర్చీ తీసుకుంటే అదే రకం సాయం మళ్లీ మూడేళ్ల వరకు రాదు, పన్నెండేళ్ల లోపు పిల్లలకైతే ఏడాది. ఈలోగా పిల్లలు పెరుగుతారు, పెద్దలు సన్నబడతారు, కాబట్టి ఆరు నెలలకోసారి మళ్లీ కొలవండి. ఆ కాగితాన్ని యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) నకలుతో కలిపి ఉంచి, జిల్లా సామాజిక భద్రతాధికారి కార్యాలయానికి వెళ్లినప్పుడు ఒడియాలో కూడా రాయించి తీసుకెళ్లండి. ఒక కుర్చీ ఇవ్వమనే బదులు మీ కొలతను బట్టి, ఉదాహరణకు 16 అంగుళాల సీటు, గాలి టైర్లు, ఇరుసు జరిగే కుర్చీ ఇవ్వమని అడగండి.